కుర్చీ వెయ్యమన్నారా, లేదా

మా ఆయన జకర్యా కథలు రాస్తారు. రాస్తారని అందరూ అనుకుంటారు గానీ, ముందు చెప్తారు. అదీ నాకు. పొద్దున్నే నేను టిఫిన్ బాక్సుల కోసం బీరకాయలు తరుగుతుంటే వంటగది గడప దగ్గర నిలబడి, రాయబోయే సన్నివేశం మొదలుపెడతారు. నా చెయ్యి ఆగిందా, ఆ ముక్క కథలో ఉంటుంది. ఆగలేదా, మర్నాటికి మనిషి మారిపోతాడు, వీధి మారిపోతుంది, చచ్చినవాడు లేచి కూర్చుంటాడు. అంతా కుదిరాక బేగంపేట ఆఫీసుకు వెళ్తూ మెట్రోలో ఫోన్‌లో కొట్టేస్తారు. ముందు చెప్పినవన్నీ గాలికి పోతాయి.

దీనివల్ల నా బుర్ర ఏనాడో పాడైపోయింది. ఒకసారి కాప్రాలో మా పక్కింటావిడను "మీ మరిదిగారి ఆపరేషన్ బాగా జరిగిందా?" అని అడిగాను. ఆవిడకు మరిదే లేడు. ఆ మరిది మా ఆయన కథలోవాడు. ఆవిడ ఇప్పటికీ నన్ను చూస్తే అదోలా నవ్వి లోపలికి వెళ్లిపోతుంది.

అదంతా సరదా. మొన్న జరిగింది సరదా కాదు.

మా మామయ్య ధర్మరాజు మాస్టారు పోయి ఏడాది అయింది. ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం, ఆయన్ని ఎరిగినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పుకునేలా. సీతాఫల్‌మండి నుంచి మా ఆడపడుచు దేవకృప ఫోన్ చేసింది.

"వదినా, నేను సుత సాక్ష్యం చెప్తా. నాన్న పోయే ముందు నాకు కుర్చీ వెయ్యమన్నడు కదా, అది చెప్తా."

మామయ్యకు ఎవరి మీదైనా కోపం వస్తే వాళ్లు ఆయన ఎదుట నిలబడే ఉండాలి. కోపం పోయిందని ఆయన ఎన్నడూ నోటితో అనేవారు కాదు. "కుర్చీ వెయ్యండి" అనేవారు. అంటే క్షమించినట్టు. ఓంప్రకాశ్‌ను గుడిలో పెళ్లి చేసుకున్నందుకు దేవకృపకు మాత్రం ఏళ్ల తరబడి కుర్చీ వేయించలేదు. ఆమె ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చేసరికి ఆయన ప్రాణం పోయింది.

ఫోన్ సంగతి చెప్పగానే మా ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

"ప్రిసిల్లా, ఆ మాట నాన్న అన్నదా, నేను రాసిందా?"

మామయ్య పోయిన కొన్నాళ్లకు ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో మా ఆయన కథ వచ్చింది. అందులో ఆసుపత్రి మంచం మీది ముసలాయన కళ్లు తెరిచి, ఇంకా రాని కూతురి కోసం కుర్చీ వెయ్యమంటాడు.

"నువ్వు సుత ఆ రూములనే ఉన్నవ్ గదా," అన్నారు మళ్లీ.

ఉన్నాను. మామయ్య చెయ్యి లేవడం, వేలు మూలనున్న నీలం ప్లాస్టిక్ కుర్చీ వైపు తిరగడం నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కానీ ఆ కుర్చీ నీలంది అయితే బాగుంటుందని వంటగదిలో చెప్పింది నేనే! అసలు ఆ గదిలో కుర్చీ ఉందా, ఉత్త స్టూలేనా? కథ మొదటిసారి చెప్పినప్పుడు ముసలాయన నీళ్లు అడిగాడు. మర్నాడు పాస్టరుగారిని అడిగాడు. ఆ తర్వాతే కూతుర్ని అడిగాడు. జరిగింది గుర్తొచ్చి మా ఆయన కూతుర్ని తెచ్చారా, నా చెయ్యి ఆగడం లేదని తెచ్చారా? ఇద్దరం కూర్చుని ఎంత తవ్వుకున్నా కథే బయటికి వస్తోంది.

"పోనీ చెప్పుకోనీయండి, ఎవరికి నష్టం?" అన్నాను.

"దేవుని ముందు నిలబడి నా కథ చెప్తదా?" అన్నారు, ముఖం పాలిపోయి.

నాకు ఒళ్లు మండింది. కథ అల్లేటప్పుడు లేని భయం ఇప్పుడెందుకట? కానీ ఆయన మాటను కాదనలేకపోయాను.

శనివారం సాయంత్రం సీతాఫల్‌మండి వెళ్లాం. ఓంప్రకాశ్ మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాడు. దేవకృప మర్నాటికని తెల్లచీర ఇస్త్రీ చేసుకుంటోంది. మా ఆయన ఉన్నదంతా చెప్పేశారు. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. అరుస్తుందనుకున్నాను.

"ఆ మాట నిన్ను నేను అడిగిన గదా అన్నా," అంది మెల్లగా. "సమాధుల తోటల. నాన్న నాకు కుర్చీ వెయ్యమన్నడా అని. నువ్వు ఏం చెప్పకుండ పోయినవ్. తర్వాత పేపర్ల వచ్చింది. మొకం మీద చెప్పలేక రాసిండు, ఇదే నాకు జవాబు అనుకున్న."

మా ఆయన బిత్తరపోయి చూశారు. చెల్లెలు అడిగినట్టే ఆయనకు గుర్తులేదు. ఇదొక కొత్త చిక్కు. ఆ మాట తండ్రిదా, చెల్లెలిదా, ఈయన కల్పించిందా?

"గిప్పుడన్న చెప్పు. అన్నడా, లేదా?"

"తెల్వదు కృపా. చెప్పి చెప్పి అసలుది పోగొట్టుకున్న."

ఆమె నా వైపు తిరిగింది. "వదినా, నువ్వు?"

అన్నారని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల కళ్లు చూస్తే ఎవరైనా చెప్పేస్తారు.

"నాకూ తెల్వదమ్మా," అన్నాను. నా అంత కసాయిది ఇంకొకతి ఉండదనిపించింది.

దేవకృప మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకుంది. మేము చాయ్ తాగి వచ్చేశాం.

ఆదివారం సాక్ష్యాల వేళ మాస్టారి పాత శిష్యులు ఆయన బెత్తం గురించీ, ప్రార్థన గురించీ చెప్పారు. ప్రతి ఒక్కరూ "నాకు తెలుసు" అనే మొదలుపెట్టారు. తర్వాత దేవకృప లేచింది. ఆమె మైకు అందుకుంది.

"నాన్న చివరికి నన్ను క్షమించిండో లేదో నాకు తెల్వదు. చెప్పేటోళ్లు సుత ఎవ్వరు లేరు," అంది. "నేనైతే వచ్చిన. ఆ రోజు ఆలస్యమైంది గని, వచ్చిన. ఇయ్యాల సుత వచ్చిన."

మైకు ఇచ్చేసి, వెళ్లి ఓంప్రకాశ్ పక్కన కూర్చుంది. సాక్ష్యంలో తెల్వదని చెప్పిన మనిషిని మా చర్చి ఎన్నడూ చూడలేదు. ప్రతి సాక్ష్యానికీ పలికే "స్తోత్రం" ఇప్పుడు అనాలో వద్దో తెలియక జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పాస్టరుగారు పాటల పుస్తకం తిరగేయసాగారు.

మా ఆయన ఒక్కరే "స్తోత్రం" అన్నారు, గొంతు పగిలేలా.