రేడియోకెక్కిన మోలే

ఓహాకా కొండల్లోని ఆ ఊళ్ళో, తెల్లవారుతూనే రేడియో పేరు చెప్పి పాట వేయకపోతే ఎవరికీ పుట్టినరోజు జరిగినట్టు కాదు. సరిగ్గా ఇలారియాకు డెబ్బై నిండిన రోజునే స్టేషన్ కంప్యూటర్ మొండికేసింది. ఉరుముల వానకు కరెంటు పోయి వచ్చాక తెర మీద బొమ్మలన్నీ మాయమయ్యాయి. నల్లటి తెర, మినుకుమినుకుమనే చిన్న గీత మిగిలాయి. మైకు మాటైనా ఆ పెట్టెలోంచే బయటికి పోవాలి.

స్టేషన్ నడిపే కాసిల్దా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇలారియా కూతురికి బాప్తిస్మంలో జ్ఞానతల్లి తనే. ఆనాటి నుంచీ ఇద్దరిదీ ఒకరినొకరు 'కొమాద్రే' అని పిలుచుకునే చుట్టరికం. నిరుడు ఊరి పండగలో కాసిల్దా వండిన మోలే పులుసు నీళ్ళలా ఉందని ఇలారియా నలుగురిలో అనేసింది. అంతే, మాటల్లేవు. ఇవాళ పేరు వినపడకపోతే, కసికొద్దీ ఎగ్గొట్టిందని ఊరంతా అనుకుంటుంది. ఇలారియా కూడా అదే అనుకుంటుంది. కాసిల్దా మనసు ఎప్పుడో మెత్తబడిందన్న సంగతి ఎవరికి తెలుసు?

"ఏడుస్తావెందుకు పిన్నీ? యంత్రం బాగానే ఉంది, మొహం చూపించట్లేదంతే," అంది అక్క కూతురు అబ్రిల్. స్టేషన్ కంప్యూటర్‌లో లినక్స్ పెట్టిందీ, వారం వారం ఆడవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు కొట్టి దాన్ని నడపడం నేర్పేదీ ఆ పిల్లే.

"అయితే నువ్వే కొట్టవే తల్లీ!"

"నేనెందుకు? నేర్చుకున్నదంతా చిక్కుడుగింజలతో కలిపి ఉడకేశావా?"

కాసిల్దా శిలువ గుర్తు వేసుకుంది. సి, డి కొట్టి పలకరింపుల అరలోకి వెళ్ళింది. ఎల్, ఎస్ కొట్టగానే ఇన్నేళ్ళుగా తను చదివి రికార్డు చేసి దాచినవన్నీ బిలబిలమంటూ వరసకట్టాయి. ఎవరికి, ఏ ఏడు, ఎవరి తరఫున, అన్నీ ఫైలు పేరులోనే ఇరికించడం ఆవిడ అలవాటు.

"ఇంత బారు పేరు ఎవరు కొడతారే?"

"మొదటి మాట కొట్టి పక్కన నక్షత్రం గుర్తు పెట్టు. మిగతాది అదే చూసుకుంటుంది," అని అబ్రిల్ కాఫీ కాయడానికి పోయింది.

పాడించే ఆజ్ఞ, ఇలారియా పేరు, నక్షత్రం, ఎంటర్. తన గొంతు పలికింది! కాసిల్దా కుర్చీలోంచి లేచి గంతేసింది.

అయితే అది ఈ పుట్టినరోజుకని నిన్న రికార్డు చేసినది కాదు, ఎప్పటిదో. అది ముగియగానే మరుసటి ఏడాదిది, ఆ తర్వాతిది. ఇలారియా పేరుతో మొదలయ్యేవన్నీ క్యూ కట్టాయి.

"ఏడాది కూడా కొట్టాలి కదా పిన్నీ!" అబ్రిల్ పరుగెత్తుకొచ్చింది. "ఆపు!"

"ఆపడం వచ్చే వారం నేర్పుతానన్నావు కదే!"

అప్పటికే నిరుడుది మొదలైంది. చదివి, పౌరుషానికి పోయి వేయకుండా దాచుకున్నది; ఆ రోజు మైకులో ఉత్త పేరు చెప్పి సరిపెట్టింది. "కొమాద్రే, నువ్వన్నది నిజం. మిరపకాయలు చాల్లేదు, జనం ఎక్కువయ్యారు, నీళ్ళు పోశాను. నాకు కోపం లేదు. నువ్వు మాట్లాడకపోతే పొద్దు పోవట్లేదు."

ఆపబోయిన అబ్రిల్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నవ్వాపుకోలేక కడుపు పట్టుకుంది. కాసిల్దా శాలువాలో మొహం దాచుకుంది.

నిన్నటి పలకరింపు కూడా అయిపోయిన కాసేపటికి తలుపు తోసుకుని ఇలారియా వచ్చింది, మొక్కజొన్న పిండితో చేసిన తమాలేల బుట్టతో, రొప్పుతూ.

"నీళ్ళ సంగతి వచ్చేసరికి మా కోళ్ళు గోల చేశాయి. సరిగ్గా వినపళ్ళేదు. మళ్ళీ వెయ్యి."

"ఊరంతా విన్నారు, చాల్లేదా?"

"నేను వినొద్దా?"

"పైకి చూసే బాణం నొక్కు పిన్నీ, ఇందాక కొట్టిందే తిరిగొస్తుంది. ఏడాది చేర్చావంటే ఆ ఒక్కటే వస్తుంది," అంది అబ్రిల్.

కాసిల్దా కొమాద్రేను పక్కన కూర్చోబెట్టుకుని బాణం నొక్కింది. ఏడాది చేర్చలేదు. అన్నీ మొదటి నుంచీ వేసింది.