సింహానికి రెండో తోక

మా యోఖిం లోయలో వెండి తవ్వేవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ వెండి థాలర్ నాణెంగా మారడానికి అచ్చు చెక్కేది మాత్రం మా నాన్న లోరెంజ్ ఒక్కడే. నాణేనికి ఒకవైపు పునీత యోఖిం, రెండోవైపు బొహీమియా సింహం.

ఈ వసంతం నుంచి నాన్నకు దగ్గరి గీతలు అలుక్కుపోతున్నాయి. పునీతుడి గడ్డం, అంగీ ముడతలు నేనే చెక్కాను. సింహాన్ని మాత్రం నాన్న నన్ను ముట్టుకోనివ్వలేదు.

కొత్త అచ్చులు నచ్చకపోతే పని అన్నబెర్గ్ ఊరివాళ్ళకు వెళ్ళిపోతుందని టంకశాల పెద్ద బల్తజార్ ముందే కబురు పెట్టారు. సుత్తి వేసే క్లెమెన్స్‌ను వెంటబెట్టుకుని ఆ ఉదయం వచ్చారు. నాన్న మొదటి అచ్చును మైనం మీద నొక్కాడు.

"గడ్డం గాలికి ఊగుతున్నట్టే ఉందయ్యా!" అన్నారు బల్తజార్.

నాన్న రెండోది నొక్కాడు. క్లెమెన్స్ వంగి చూసి పకపకా నవ్వాడు.

"లోరెంజన్నా, ఈ సింహం ఏ తలుపు సందులో ఇరుక్కుంది? రెండో తోకేదీ?"

మా సింహానికి రెండు తోకలని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. నాన్న మైనాన్ని వేలితో తడిమాడు.

"ఏమనుకోకు లోరెంజ్, ఇక అన్నబెర్గ్‌కే పంపుతాను," అన్నారు బల్తజార్.

"ఎందుకండీ?" అన్నాను. "చెక్కింది పూడ్చలేం గానీ, చెక్కనిది చెక్కొచ్చుగా. ఉక్కు ఇంకా కాల్చలేదు, మెత్తగానే ఉంది. కూచోండి."

"నువ్వా, ఓటీలియా?"

"ఇందాక మీరు మెచ్చుకున్న గడ్డం నా చేతిదేనండీ."

ఆయన నాన్న వైపు చూశారు. నాన్న తల ఊపాడు. నేను సన్న ఉలి అందుకున్నాను.

"మూడో తోక పెట్టేవు, చూసుకో!" అన్నాడు క్లెమెన్స్.

"నువ్వు బల్ల మీంచి మోచెయ్యి తియ్యి బాబాయ్, కదులుతోంది."

మళ్ళీ మైనం మీద నొక్కితే రెండు తోకలూ విడివిడిగా లేచాయి. బల్తజార్ దగ్గరికి వచ్చి చూశారు.

"కాల్చి గట్టిపరిచేటప్పుడు పగిలితే?"

"దానికి నాన్న ఉన్నాడు. సన్న గీత కంటికి ఆనదు గానీ, నిప్పు రంగు ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. పని మా ఇద్దరికీ కలిపి ఇవ్వండి."

నాన్న అచ్చులను బొగ్గుల్లో పెట్టి కళ్ళార్పకుండా నిలబడ్డాడు. చెర్రీపండు రంగు రాగానే ఒక్కొక్కటే తీసి నీళ్ళలో ముంచాడు. బుస్సుమంది. పగుళ్ళు లేవు. క్లెమెన్స్ రెండు అచ్చుల మధ్య వెండి బిళ్ళ పెట్టి సుత్తి దించాడు. కొత్త థాలర్‌ను బల్తజార్ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"ఇంకో జత కావాలి. ఎప్పటికిస్తావు?" ఆ మాట అడిగింది నన్నే.

నాన్న కిటికీ దగ్గరున్న తన పీటను నా వైపు జరిపి, కొలిమి పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

"వచ్చే శనివారానికండీ," అన్నాను.