పిడకల పాయసం

జగన్నాధం ఊపిరితిత్తులు మచ్చలుకట్టి బిగుసుకుపోతున్నాయని తెలిసి రెండేళ్లయింది. పొగ, దుమ్ము దగ్గరికి రానివ్వొద్దని డాక్టరు శ్రావణి చెప్పిన రోజే, అతని భార్య చిన్నతల్లి కట్టెల పొయ్యిని గునపంతో పెళ్లగించి అవతల పారేసింది. అగరుబత్తులు కూడా మానేసింది. ఇంట్లో దేవుళ్లు సర్దుకున్నారు.

అంత జాగ్రత్త గల మనిషీ మాఘమాసం వచ్చేసరికి మొగుడి ఆరోగ్యం కోసం అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది. నాలుగు ఆదివారాలూ పొద్దుపొడుపున వాకిట్లో పిడకల మీద పాయసం వండి, చిక్కుడాకుల్లో పెట్టి, ఇద్దరూ కలిసి దండం పెట్టుకోవాలి. అదీ పొగే కదా అన్న సంగతి ఆమె బుర్రకు తట్టలేదు. దేవుడి పొయ్యి మరి.

రెండో ఆదివారం పిడకలు మంచుకు చెమ్మగిల్లాయి. పాయసం పొంగేసరికి వాకిలంతా పొగ. బుధవారానికి జగన్నాధం మంచం దిగి పెరట్లోకి నడవలేకపోయాడు. పెదాలు నల్లబడ్డాయి. ఆటోలో శ్రీకాకుళం ఆసుపత్రికి తెచ్చేసరికి నోట మాట లేదు.

ముక్కూ నోరూ మూసే మాస్కు తగిలించి ఆక్సిజన్ పెట్టారు. రక్తం తీశారు, స్కాన్ తీశారు, యాంటీబయాటిక్ ఎక్కించారు. పాత మచ్చల మీద కొత్తగా వాపు కమ్ముకుందని చెప్పి డాక్టరమ్మ, జ్వరం వచ్చిందా, మాత్రలు మానేశాడా, పొగ ఏమైనా తగిలిందా అని అడిగింది. ఏమీ లేదంది చిన్నతల్లి. సాయంత్రం మళ్లీ అడిగింది. మళ్లీ లేదంది. డాక్టరమ్మ కారణం తేలక కాగితాలు తిరగేస్తుంటే చిన్నతల్లికి ఆదివారం నాటి పొగే కళ్ల ముందు ఆడింది. నోరు తెరవకపోతే మొగుడు దక్కడు. తెరిస్తే, ఇంత చేసింది తనేనని తేలిపోతుంది.

మూడోసారి అడక్కుండానే చెప్పేసింది.

"పిడకల పొగమ్మా. నానే ఎట్టినాను. మా బావ కోసవే ఎట్టినాను."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండునని చిన్నతల్లికి అనిపించింది. ఇక స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెడతామని, అవి కొందరికి పనిచేస్తాయి, కొందరికి చెయ్యవని, ఎవరికన్నది ముందుగా చెప్పలేమని ఉన్నమాట చెప్పింది.

ఐదోనాటికి ఆక్సిజన్ కాస్త తగ్గించగలిగారు. ఇంటికెళ్లినా మునుపటి మనిషి కాడని, ఆక్సిజన్ యంత్రం పక్కనే ఉండాలని డాక్టరమ్మ చెప్పి వెళ్లింది. చిన్నతల్లి మంచం పక్కన కూలబడి, నిన్ను నానే సంపీసేదాన్ని బావా అని ఏడ్చింది.

జగన్నాధం మాస్కు కొంచెం ఎత్తాడు.

"పొగ పడదని నాకు తెలవదేటి? నువ్వు బెల్లానికి లోపలికెళ్లినప్పుడు... పిడకలు అంటుకోనేదు. నువ్వు బెంగెట్టుకుంటావని నానే ఊదినాను."

ఆమెకు ఏడుపు ఆగిపోయింది. అంత కోపం ఆ మనిషి మీద ముప్పై ఏళ్ల కాపురంలో ఎన్నడూ రాలేదు. మాస్కు లాగి మళ్లీ సరిగ్గా పెట్టింది. అతను కిటికీలో ఎండ చూపించి, ఇవాళ ఆదివారం కదా, మొక్కు మాటేమిటని చేత్తో సైగ చేశాడు.

"మొక్కు గ్యాసు మీద నాను తీర్సుకుంటాను. నువ్వు ఊపిరి తీసుకో బావా. ఇంకేటీ ఊదకు."