పన్నెండో సీసా

పదకొండో సీసా తేటగానే ఉంది. పన్నెండోదాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూడనక్కర్లేకపోయింది. మెడ దాకా నల్లగా, మురుక్కాలవ అడుగు బురదలా ఉంది. మూత తీయకుండానే అతనికి వాసన తెలిసింది, లేదా తెలిసినట్టనిపించింది. ఆ రెంటికీ తేడా అతనిలో ఎప్పుడో చెరిగిపోయింది. ఇంట్లో గ్లాసు ఎత్తినా ముందు ముక్కు, తరవాతే నోరు. నీళ్ళ ఆఫీసులో అతన్ని అందరూ ‘ముక్కు’ అనేవాళ్ళు.

పరీక్ష మందు వేసిన సీసా రెండ్రోజుల్లో నల్లబడితే నీళ్ళలో మలం కలిసినట్టు. ఇది ఏడో వీధి కుళాయి సీసా, నల్లబడడం వరసగా మూడో వారం.

పరీక్షకు నీళ్ళు పట్టే మిగతావాళ్ళు వీధులు తిరగరు. ఆఫీసు పెరట్లో, ట్యాంకు కింద కుళాయి దగ్గరే సీసాలన్నీ నింపి, ఒక్కోదానికి ఒక్కో వీధి చీటీ అంటిస్తారు. దానికి ‘మంచి కుళాయి’ అని పేరు. పన్నెండేళ్ళుగా అతనొక్కడే క్రిములు చచ్చేలా స్పిరిట్ దూదితో ప్రతి కుళాయి మూతీ కాల్చి, నిజంగా నీళ్ళు పట్టుకొస్తున్నాడు. అందుకు అతనికి లోలోపల కాస్త గర్వం. కానీ గత రెండు వారాలూ, ఇంజనీరు చెప్పాడని, ఏడో వీధి సీసా మంచి కుళాయి దగ్గర మళ్ళీ పట్టి, పుస్తకంలో ‘నలుపు’ కొట్టేసి ‘తేట’ అని రాశాడు.

ఇంజనీరు బిస్కెట్టు నములుతూ సీసా వంక చూడనైనా లేదు.

“మళ్ళీ ఏడో వీధేనా? మంచి కుళాయి దగ్గర ఇంకోటి పట్టు.”

“రెండు వారాలూ అదే చేశానండీ.”

“మూడోసారి చేస్తే ముక్కు అరిగిపోతుందా?”

ఇంజనీరు కింది పెదవికి తడి బిస్కెట్టు తునక అంటుకుని, మాటతోపాటు ఆడుతోంది. ఆ పెదవి దగ్గర మొదలైన అసహ్యం బల్ల దాటి తన వేళ్ళ దాకా పాకింది. మంచి కుళాయి తిప్పింది ఆ వేళ్ళే. సీసా జేబులో వేసుకుని బయటికి నడిచాడు.

ఏడో వీధి కుళాయి దగ్గర బిందెలు వరసలో ఉన్నాయి. అతను సీసా ఎత్తి పట్టుకున్నాడు.

“ఏంటన్నా, సిరా పంచుతున్నావా?” అంది ముందు నిలబడ్డ బట్టలు కుట్టే ఆవిడ. అందరూ నవ్వారు.

“ఇవి మీ కుళాయి నీళ్ళేనమ్మా. మందు వేసి రెండ్రోజులుంచితే ఇలా అయ్యాయి. వీటిలో మలం ఉంది. గొట్టం బాగయ్యేదాకా తాగొద్దు. వేరే దారి లేకపోతే పొయ్యి మీద బాగా తెర్లించుకోండి.”

నవ్వు ఆగిపోయింది. ఎవరో కాండ్రించి ఉమ్మారు.

“ఛీ! ఇందాకే చెంబెడు తాగాను కదే!”

బట్టలు కుట్టే ఆవిడ సీసా లాక్కుని తిప్పి చూసింది.

“ఎన్నాళ్ళ నుంచి?”

“మూడు వారాలు.”

“మా అత్త వారం నుంచి మంచం దిగట్లేదు. విరేచనాలు. ఏం గడ్డి తిన్నావని ఆవిణ్ణే తిడుతున్నాను. నీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావయ్యా? వాసన చూస్తూ కూర్చున్నావా?”

ఇంజనీరు చెప్పాడు అన్న మాట నాలుక చివరికి వచ్చింది. అది కూడా కంపు కొట్టింది. మింగేశాడు.

ఆమె బిందె కాలవలోకి వంపేసింది. ఒకరి తరవాత ఒకరు వంపేశారు. ఖాళీ బిందెలు చంకనెత్తుకుని, ఆమె ముందు నడవగా, అందరూ ఆఫీసుకు బయల్దేరారు.

సాయంత్రానికి ఆఫీసువాళ్ళు వచ్చి ఏడో వీధి తవ్వారు. తాగునీటి గొట్టం మురుక్కాలవలోంచే పోతోంది. అతుకు చుట్టూ ఎప్పుడో కట్టిన సైకిల్ ట్యూబు ముక్క కుళ్ళి, వేలు తగలగానే జారిపోయింది. గట్టు మీద ఇంజనీరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

“రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు. ఆఫీసు సీసా బయటికి పట్టుకెళ్ళావని పైకి రాస్తాను.”

“పుస్తకంలో రెండు వారాలు తప్పు రాశానని కూడా రాయండి. కొట్టేసింది నేనే. అతుకు మాత్రం కొత్తది వేయించండి, ట్యూబు చుట్టొద్దు.”

కొత్త అతుకు బిగించేదాకా అక్కడే నిలబడ్డాడు. తరవాత ఆఫీసుకు వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. సీసాల గది తాళంచెవి బల్ల మీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

కుర్చీలో మెత్తగా ఉంటుందని అతను నాలుగు మడతలు వేసుకున్న పాత తువ్వాలు, నడుమ గుంటపడి, ఇంకా అతను కూర్చున్నట్టే ఉంది.