మామిడి పిందెల అంచు చీర

ఇన్‌కంటాక్సు ఇనస్పెక్టరు నెల్లూరు బస్సు దిగి తన పేరే అడిగాడని జమాల్‌బీ వచ్చి చెప్పేసరికి కామాక్షమ్మ చేతిలోని చేట జారింది. బియ్యమంతా వసారాలో పడింది. ఎత్తుకుందామని వంగి, ఎత్తకుండానే కూలబడింది.

"నా పేరు ఆయనకెట్టా తెలుసునే?"

"కాయితంలో చూసి చదివినాడు. నీ పేరూ, పోయిన అయ్య పేరూ. పద్మనాభయ్య ఇంటి అరుగు మీద కుర్చీ ఏసి కూర్చోబెట్టుండారు. నిన్ను పిలుచుకొని రమ్మన్నారు" అంది జమాల్‌బీ. గాజుల బుట్ట నెత్తిన పెట్టుకుని రోజూ ఊరంతా తిరిగే మనిషి, ఎండకూ ఎవరికీ జంకని మనిషి, ఆమే బుట్ట దించడం మరిచి నిలబడిపోయింది. ఇక కామాక్షమ్మ సంగతి చెప్పాలా?

కామాక్షమ్మ మొగుడు గూడూరు దగ్గర అభ్రకం గనిలో లెక్కలు రాసేవాడు. బతికుండగా ఆ కంపెనీవే కాసిని వాటాలు కొన్నాడు. ఆయన పోయాక అల్లూరులో ఆమెకు మిగిలినవి ఈ ఇల్లూ, ఆ వాటాలూ. ఏడాదికోసారి కంపెనీవాళ్లు వాటాల మీద డబ్బు పంపుతారు. పంపేముందే సర్కారు పన్ను కోసేసుకుంటారు. కోసుకున్నది పెద్ద మొత్తమేమీ కాదు గానీ, ఆమెకు అది నాలుగు నెలల గ్రాసం. రాబడి తక్కువగా ఉన్నవాళ్లు అర్జీ పెట్టుకుంటే ఆ పన్ను తిరిగి ఇచ్చేస్తారని ఎదురింటి పద్మనాభయ్య చెప్పాడు. ఆయన రిజిస్ట్రారు కచేరీ ముందు కూర్చుని దస్తావేజులు రాస్తాడు. అర్జీ రాయడమంటే ఆయనకు పెళ్లిభోజనమే. ఒకటి రాశాడు. ఏడాది గడిచినా ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ రాశాడు. మూడోసారి మాత్రం పూనకం వచ్చినట్టు రాశాడు. "నిరుపేద, నిరాధార, ఇతరత్రా చిల్లిగవ్వ రాబడి లేని వితంతువు" అని పైకి చదివి వినిపిస్తే, ఆ మాటల జోరుకు కామాక్షమ్మకే కళ్లనీళ్లు వచ్చాయి. వేలిముద్ర కాదు, చక్కగా సంతకమే చేసింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఎందుకంటే కామాక్షమ్మకు చిల్లిగవ్వ కంటే కొంచెం ఎక్కువే రాబడి ఉంది. ఆ సంగతి ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలుసు, మగవాళ్లలో ఒక్కడికీ తెలియదు.

ఏ ఇల్లాలికైనా మొగుడికి చెప్పుకోలేని అవసరం వచ్చిందనుకోండి. పెట్టె అడుగున ఉన్న పట్టుచీర తీసి, తువ్వాల్లో చుట్టి, పెరటిదారిన కామాక్షమ్మకు ఇచ్చేది. కామాక్షమ్మ ఆమె చేతిలో డబ్బు పెట్టేది. జమాల్‌బీ ఆ చీరను గాజుల బుట్టలో అడుగున పెట్టుకుని బోగోలుకో తోటపల్లి గూడూరుకో పోయి, పెళ్లి తలపెట్టినవాళ్లకు కాస్త ఎక్కువకు ఇచ్చేది. ఆ పై డబ్బు ఇద్దరూ పంచుకునేవాళ్లు. దీనికి ఒక కట్టుబాటు ఉంది. ఇచ్చిన మనిషి 'ఎవరికి పోయింది' అని అడగదు, పుచ్చుకున్న మనిషి 'ఎవరిది' అని అడగదు. అసలు అమ్మడం కొనడం అనే మాటే ఎవరూ ఎత్తరు. కొన్నవాళ్లు కూడా "కామాక్షమ్మ పెట్టింది" అంటారు. పెళ్లినాటి చీర అమ్ముకుందన్న మాట బయటికొస్తే ఏ ఆడది తలెత్తుకు తిరుగుతుంది?

అందుకే ఇప్పుడు కామాక్షమ్మకు ఇంత భయం. సర్కారును మోసం చేసి సంతకం పెట్టినందుకు జైల్లో వేస్తారేమో. ఇల్లు వేలం వేస్తారేమో. పోలీసులు వస్తారా, బంట్రోతులు వస్తారా? వీధి దాటేది పది అంగలే గానీ, దాటుతుంటే ఊరవతలికి పోతున్నట్టుంది.

"ఇంకోటి ఉండాది. నన్ను తిట్టబాక" అంది జమాల్‌బీ వెనకనుంచి. "ఆయన ముందు చివరింటి మస్తానమ్మను అడిగినాడంట, ఈయమ్మ జీవనం ఎట్టా జరుగుతుందీ అని. మస్తానమ్మ బెదిరిపోయి, చీరలు అమ్మదండీ, ఊరికే పెడతాదండీ అనేసింది."

"చీరల మాట ఆయనెత్తినాడా?"

"ఎత్తలా. ఈమే ఎత్తింది. నిన్ను కాపాడదామని."

కామాక్షమ్మ వీధి మధ్యలో ఆగిపోయింది. కాపాడటానికి ఇంకెవరూ బయల్దేరకుండా ఉంటే చాలని దేవుడికి మొక్కుకుంది. ఆ మొక్కు అప్పటికే ఆలస్యమైంది.

అరుగు మీద ఇనస్పెక్టరు నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. బెజవాడవైపు మాట. పద్మనాభయ్య పక్కన నిలబడి విసనకర్రతో విసురుతున్నాడు గానీ చెమటలు ఆయనకే పడుతున్నాయి. రాసింది తన చెయ్యి కదా! కామాక్షమ్మ అరుగెక్కి, తలుపు పక్కన ఒదిగి నిలబడింది. తలుపు వెనక పద్మనాభయ్య భార్య చెంచులక్ష్మి ఉంది. జమాల్‌బీ మెట్ల దగ్గరే ఉండిపోయింది.

"కూర్చోండమ్మా" అన్నాడు ఇనస్పెక్టరు. "మీ అర్జీలో వేరే రాబడి లేదని ఉంది. ఈ వీధిలో నలుగుర్ని అడిగాను. నలుగురూ ఒకటే మాట చెప్పారు. మీరు పట్టుచీరలు ఊరికే పంచిపెడతారట. మస్తానమ్మగారైతే ఇంట్లోకెళ్లి చీర తెచ్చి మరీ చూపించారు. కుంకుమరంగు, మామిడి పిందెల అంచు. కొత్తదైతే మా ఆవిడకు నేను కొనలేను. మరి పట్టుచీరలు దానం చేసే తల్లికి ఈ రీఫండు ఎందుకండీ?"

పేదరాలినని అర్జీ పెట్టుకుంటే, ఊరు ఊరంతా కలిసి కామాక్షమ్మను ఒక్క పూటలో జమీందారిణిని చేసి కూర్చోబెట్టింది.

"భయపడకండి. వ్యాపారమైతే వ్యాపారమని చెప్పండి. ఇంత చిన్నదానికి పన్ను కూడా పడదు" అన్నాడాయన. "ఎవరి దగ్గర కొన్నారో, ఎవరికి అమ్మారో పేర్లు చెప్తే చాలు. ఇళ్లకు వెళ్లి ఒక్క మాట కనుక్కుని, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోతాను."

అంతవరకూ కామాక్షమ్మది జైలు భయం. ఆ మాటతో అది పోయి, దానికంటే పెద్దది వచ్చి కూర్చుంది. ఇళ్లకు వెళ్తాడట! మొగుళ్లు కూర్చున్న అరుగుల మీదికెళ్లి, మీ ఆవిడ చీర అమ్ముకుందా అని అడుగుతాడట! ఈయన ఎంత మంచివాడైతే మాత్రం ఏం లాభం?

తలుపు వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె చెంగు పట్టుకుంది. మస్తానమ్మ చూపించిన ఆ కుంకుమరంగు చీర చెంచులక్ష్మిదే. పోయిన చలికాలం పుట్టింట తల్లి మంచాన పడితే, పుట్టింటికి పైసా పంపడానికి వీల్లేదని పద్మనాభయ్య శాసించాడు. శాసించాడంటే శాసించాడే; ఆయన భార్య మీద చెయ్యి చేసుకుంటాడని ఆ వీధిలో అందరికీ తెలిసిందే. చెంచులక్ష్మి తన పెళ్లిచీర తెచ్చి కామాక్షమ్మ ఒళ్లో పడేసి ఏడ్చింది. ఊళ్లో అమ్మబాక అని కామాక్షమ్మ చెప్పినా జమాల్‌బీ ఒక్కసారి మాట తప్పి, కూతురికి పంపుకుంటానన్నదని మస్తానమ్మకు ఇచ్చింది. ఆ ఒక్కటే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

పద్మనాభయ్యకు ఉన్నట్టుండి ఉపాయం తోచింది. తన అర్జీని నిలబెట్టుకోవాలన్న తాపత్రయం ఆయనది.

"అయ్యా, పిందెల అంచు చీరంటే ఈ పక్క ప్రతి ఇంట్లోనూ ఉండేదే. అదేమంత భాగ్యం కాదు. మా ఇంట్లోనూ ఉండాది, మా పెళ్లినాటిది. చూపిస్తా చూడండి" అని తలుపువైపు తిరిగాడు. "ఏమే! పెట్టెలో మన పెళ్లిచీర ఉండాది గదా, తీసుకురా!"

చెంగు పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. కామాక్షమ్మ ఓరగా చూసింది. చెంచులక్ష్మి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"వినపడలా? నేనే వచ్చి తీసుకుంటాలే" అని పద్మనాభయ్య విసనకర్ర కింద పెట్టాడు.

"ఆ చీర నాదయ్యా!" అంది కామాక్షమ్మ.

ఎంత గట్టిగా అందంటే వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. పద్మనాభయ్య గడపలో కాలు పెట్టబోయి ఆగాడు.

"మస్తానమ్మ చూపించింది నా పెళ్లిచీర. పెట్టలా, అమ్ముకున్నా. అన్నీ నావే. మా అత్త పెట్టినవీ, మా అమ్మ పెట్టినవీ, ఆయన కొనిచ్చినవీ. పొయ్యిలో పిల్లి లేవక అమ్ముకున్నా. నాకు తలవంపులని వాళ్లంతా ఊరికే పెట్టిందని చెప్పినారు. ఏం రాసుకుంటావో రాసుకో నాయనా!"

చెప్పినంతసేపూ ఆమె ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు అబద్ధం కాదు. భయం ఏడ్పించిన ఏడుపు. వీధిలో ఆగినవాళ్లు తలలు దించుకున్నారు. ఇనస్పెక్టరు ఆమెవైపు చూడలేక కాగితాలు సర్దుకున్నాడు.

"సొంత బట్టలు అమ్ముకుంటే అది రాబడి కాదమ్మా" అన్నాడు మెల్లగా. "ఆ మాటే రాస్తాను. సంతకం చెయ్యండి." ఆమె చేసిన సంతకం అర్జీలో సంతకంలా లేదు, చీమ పాకినట్టుంది. ఆయన దాన్ని సరిపోల్చి చూడలేదు.

ఆ సాయంత్రానికి కామాక్షమ్మ పెళ్లిచీరలు అమ్ముకుని తిన్నదని అల్లూరంతా తెలిసిపోయింది. మరిది వచ్చి, మా అన్న పరువు బజారులో పెట్టావని నానామాటలూ అని పోయాడు. ఆమె పడింది. పడటం తనకు కొత్తా? పేర్లు బయటికి రాలేదు, అదే చాలనుకుంది.

కానీ భయం అంత తేలిగ్గా వదిలిపెట్టేది కాదు. వారం తిరక్కముందే చెంచులక్ష్మి మిట్టమధ్యాహ్నం పెరటిదారిన పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, ఆయన మరిచిపోలా. ఆరోజు చీర తెమ్మంటే ఎందుకు తేలేదని అడిగినాడు. అడుగున ఉండాదని చెప్పినా. అయితే వరలక్ష్మీవ్రతానికి అదే కట్టుకో, చూస్తానన్నాడు. నన్ను చంపేస్తాడక్కా."

"మస్తానమ్మను అడిగితే?"

"ఇనస్పెక్టరు చూసినాడని భయపడి కూతురికి పంపేసిందంట. ఆ పిల్ల కట్టేసుకుందంట గూడా."

కామాక్షమ్మ లేచి, లోపలి గదిలో భోషాణం తెరిచి, పైనున్న బొంతలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. అట్టడుగున పాత పంచెలో చుట్టిన కుంకుమరంగు పట్టుచీర ఉంది. మామిడి పిందెల అంచు. ఆ రోజుల్లో పెళ్లికూతుళ్లందరికీ అవే కొనేవాళ్లు. ఊరందరి చీరలూ తన చేతిమీదుగా పోయాయి గానీ, గంజి తాగి పడుకున్న రోజుల్లో కూడా ఆమె దీని జోలికి పోలేదు. ఆయన తాళి కట్టినప్పటి చీర. అమ్ముకున్నానని సర్కారు కాగితం మీద సంతకం చేసిన దగ్గర్నుంచీ ఆమె భయపడి ఆ భోషాణం మూత కూడా ఎత్తలేదు.

"ఇది కట్టుకో."

చెంచులక్ష్మి చెయ్యి చాపబోయి చటుక్కున వెనక్కి తీసుకుంది. ముత్తయిదువ, వ్రతంనాడు, మొగుడు పోయిన ఆడదాని పెళ్లిచీర! ఆమె కళ్లు తన పసుపుతాడు మీదికి పోయాయి. కామాక్షమ్మకు అర్థమైంది. కోపం రాలేదు. నొప్పి మాత్రం కలిగింది.

"నాకూ భయంగానే ఉండాదమ్మే" అంది. "నా గతి నీకు తగలకూడదని నేనూ దండం పెట్టుకుంటా. ఇంకో దారి ఉంటే చెప్పు, ఇది లోపల పెట్టేస్తా."

ఇంకో దారి ఏముంది? చెంచులక్ష్మి చీరను కళ్లకద్దుకోలేదు, గుండెకు హత్తుకోలేదు. తువ్వాల్లో చుట్టుకుని, ఏడుస్తూ పోయింది.

శ్రావణ శుక్రవారం, వరలక్ష్మీవ్రతం నాడే, అర్జీ రాసిన ఇంటి చిరునామాకు పోస్టులో రీఫండు వచ్చింది. పద్మనాభయ్య అరుగు మీదనుంచే కేక పెట్టాడు. కామాక్షమ్మ వెళ్లింది గానీ, ఇంట్లో పేరంటం జరుగుతోందని మెట్లెక్కలేదు, కిందే నిలబడింది. ఆయన కాగితం చేతికిచ్చి, అదంతా తన అర్జీ మహిమేనని చెప్పుకొచ్చాడు. ఆ డబ్బు కోసమే రెండేళ్లు ఎదురుచూసింది. ఇప్పుడు అది చేతిలో ఉన్నా, దాని మీద ఏం రాసుందో చూడబుద్ధి కాలేదు. ఆమె చూపంతా గుమ్మంలోనే ఉంది.

చెంచులక్ష్మి తాంబూలాల పళ్లెంతో వచ్చి నిలబడింది. కుంకుమరంగు చీర, పిందెల అంచు. కుచ్చిళ్ల దగ్గర, పెళ్లినాడు కామాక్షమ్మ దీపానికి తగిలించుకుంటే కాలిన చిన్న మచ్చ. దాన్ని కనపడకుండా మడిచింది గానీ, కామాక్షమ్మ కంటికి కనపడకుండా పోతుందా?

పద్మనాభయ్య భార్యను పైనుంచి కిందికి చూసుకుని మురిసిపోయాడు.

"చూస్తివా, ఇన్నేళ్లయినా మడత నలగలా! మా ఇంట్లో ఇంకా చీరలు అమ్ముకునే గతి పట్టలేదు" అన్నాడు. తర్వాత కాస్త జాలిపడి, "నీదీ ఇట్టాంటిదే అంట గదా కామాక్షమ్మా?" అని అడిగాడు.

చెంచులక్ష్మి కళ్లెత్తి ఆమెను చూసింది.

"అవునన్నా, అచ్చం ఇట్టాంటిదే" అంది కామాక్షమ్మ.