తుపాకీకి బదులు

బుధవారం ఉదయం పదకొండు గంటలకు క్షమాభిక్ష శిబిరంలో ఒక మనిషి తుపాకీకి బదులు చేతి డ్రిల్లు అప్పగించాడు. ఆయుధం అప్పగించిన తిరుగుబాటుదారుల మీద కేసులు పెట్టబోమని ప్రభుత్వం చెప్పింది. గడువు ఆ రోజుతో ముగుస్తుంది. ఉత్త చేతులతో వచ్చినవాళ్లను పోలీసులు పట్టుకెళ్తున్నారు.

దళంలో అతన్ని చిల్లు అని పిలిచేవారు. చమురు పైపులకు బెజ్జాలు వేయడం అతని పని. వెంట అక్క వచ్చింది.

"తుపాకీ ఏది?" అన్నాడు ఆయుధాలు తీసుకుంటున్న సైన్యం కెప్టెన్.

"నాకివ్వలేదు సార్. గురి కుదరదన్నారు."

"అన్నేళ్లు వాళ్లెంట తిరిగి ఒక్క తుపాకీ తెచ్చుకోలేకపోయావట్రా," అంది అక్క.

"డ్రిల్లు ఆయుధం కాదమ్మా," అన్నాడు కెప్టెన్. గేటు దగ్గర పోలీసు వ్యాను ఆగి ఉంది. ఆమె తమ్ముడి మోచెయ్యి పట్టుకుంది.

"సార్, వీళ్ల దళం తుపాకులకి మీ చమురు ఎన్నాళ్లు ఆగింది?"

కెప్టెన్ తన పక్కనున్న పైపులైను ఇంజనీరు వైపు చూశాడు.

"ఒక్క పూట కూడా ఆగలేదు," అన్నాడు ఇంజనీరు.

"మరి వీడి బెజ్జాలకి?"

"రెండు నెలలు."

కెప్టెన్ డ్రిల్లును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. దానికి చీటీ కట్టి, తుపాకుల పక్కన పెట్టించాడు.

"ఆయుధమే. ఇంటికెళ్లండి."

"కిటికీకి కర్టెను రాడ్డు బిగించాలిరా," అంది అక్క నడుస్తూ. "ఇప్పుడు డ్రిల్లు ఎవర్ని అడుగుతావు?"

ఇద్దరూ వ్యాను పక్కనుంచే గేటు దాటారు. ఎవరూ ఆపలేదు.