చాపలో పది మధ్యాహ్నాలు

మరిందూకే దీవిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక కుక్కలతో సహా ఊరంతా పడుకుంటుంది. వీపుకి సంచీ తగిలించుకుని సెలవుకు వచ్చిన లుదివీనా కూడా పది రోజులుగా అదే పని చేసింది. ఆమె లేవగానే ఆమె దిగిన ఇంటావిడ పాసింగ్, ఊరందరికీ నానాయ్, అంటే అమ్మ, మొగలి ఆకుల చాపను గట్టిగా చుట్టి అటక మీద పెట్టేది, లోపలి నిద్ర కారిపోకుండా.

బయల్దేరే రోజు నానాయ్ ఆ చాపను లుదివీనా చంకలో ఇరికించింది.

"మనీలాలో మా చెల్లెలు చోలెంగ్‌కి ఇచ్చెయ్యమ్మా. మొగుడు పోయి నలభై రోజులైంది, దానికి కన్ను మూతపడలేదు. ఇందులో నువ్వు పడుకున్న పది మధ్యాహ్నాలున్నాయి. ఒక్క మనిషికి సరిపోతాయి. దారిలో విప్పేవు!"

మనీలా వెళ్ళేవాళ్ళ చేతికి ఏదో ఒకటి అంటగట్టకపోతే ఆ దీవిలో ఎవరికీ తోచదు. కాదనే ఓపిక లుదివీనాకు లేదు. మర్నాడు పొద్దున్నుంచీ మళ్ళీ ఆఫీసులో ఫోన్లెత్తి, మొహం తెలియని వాళ్ళ చేత తిట్లు తినాలి. అది తలుచుకుంటేనే, లాంచీ ఎక్కకముందే ఒళ్ళు పులిసిపోయింది.

నగర శివార్లలో బస్సు ఆగిపోయింది. గంట గడిచినా చక్రం కదల్లేదు. ముందూ వెనకా హారన్లు. పక్క సీట్లో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, తల్లి కూడా ఏడ్చేలా ఉంది. లుదివీనా చాప అంచును బెత్తెడు విప్పింది. పిల్ల కోసమే అనుకుంది గానీ, నిజానికి తనకోసమే.

మెలకువ వచ్చేసరికి బస్సంతా గురకలు. డ్రైవరు స్టీరింగు మీద వాలిపోయాడు. బస్సు ఉన్నచోటే ఉంది కనక ఎవరికీ ఏమీ కాలేదు. చాప మాత్రం చేతికర్రంత సన్నబడిపోయింది.

జరిగింది విని, చోలెంగ్ చాపను చేత్తో ఎత్తి బరువు చూసింది.

"బస్సులో అందరికీ వడ్డించావన్నమాట! మా అక్కకు చెప్పనులే."

కుట్టుమిషను పక్కన పరుచుకుని పడుకుంది. పది నిమిషాలైనా కాలేదు, లేచి కూచుంది.

"మా ఆయన వచ్చాడే," అంది. "తలుపు కొట్టాడు. తీసేలోపే మెలకువొచ్చేసింది."

తిట్టినా బాగుండేది. లుదివీనా సిగ్గుతో తలెత్తలేకపోయింది.

"తప్పు నాదే పిన్నీ. మళ్ళీ నింపుకొస్తాను."

"పది రోజులు పడుతుందే పిల్లా. మరి నీ ఉద్యోగం?"

"పోతే పోయింది."

చాప ఖాళీగా తిప్పి పంపకూడదని చోలెంగ్ అందులో నాలుగు బన్నులు చుట్టింది.

మర్నాడు ఆఫీసు నుంచి ఫోను మోగేసరికి లుదివీనా లాంచీలో ఉంది. మూడోసారి మోగాక కట్టేసింది. నానాయ్ సన్నటి చాపనూ ఆమె మొహాన్నీ చూసి, చాపను వరండాలో పరిచింది.

"పడుకో. శ్రద్ధగా పడుకోవాలి మరి."

లుదివీనా జన్మలో ఏ పనీ అంత శ్రద్ధగా చెయ్యలేదు.

పది రోజుల తరవాత, తిరుగు ప్రయాణంలో బస్సు మళ్ళీ అక్కడే ఆగింది. కళ్ళు మండుతున్నా, ఒళ్ళోని చాపలో ఒక్క ఆకు కూడా కదలనివ్వలేదు. చోలెంగ్ పడుకున్నాక, గుమ్మంలో స్టూలు వేసుకుని కాపలా కూచుంది. వీధిలో పిల్లల్ని కసిరింది, పక్కింటి రేడియో ఆపించింది. చాలాసేపటికి చోలెంగ్ నిద్రలోనే అటు తిరిగి విసుక్కుంది.

"వస్తున్నానయ్యా, అంత తొందరేంటి? తీస్తున్నా."